భద్రత ఒకటా, రెండా?

జర్మన్ భాషలో జిషర్‌హైట్ అనేది ఒకే మాట. రైలు పట్టాలు తప్పకుండా నడవడమూ జిషర్‌హైటే, రైల్వే కంప్యూటర్లలోకి పరాయివాడు చొరబడకుండా కాచుకోవడమూ జిషర్‌హైటే. ఇంగ్లిషు ఈ రెంటినీ విడదీసి, ఎవరూ కోరకుండా జరిగే ప్రమాదం నుంచి తప్పించుకోవడాన్ని సేఫ్టీ అనీ, ఎవరో కావాలని చేసే హాని నుంచి కాచుకోవడాన్ని సెక్యూరిటీ అనీ పిలుస్తుంది. భారత రైల్వేలోని హిందీ కూడా ఈ విభజనను పాటించి మొదటిదానికి సంరక్షా, రెండోదానికి సురక్షా అనే మాటలు స్థిరపరచుకుంది. అందుకే ప్రమాదాల మీద చట్టబద్ధంగా విచారణ జరిపే అధికారి రేల్ సంరక్షా ఆయుక్త్ కాగా, ఆస్తినీ ప్రయాణికులనూ కాపాడే దళం రేల్వే సురక్షా బల్ అయింది. తెలుగు మాత్రం జర్మన్ పక్షాన నిలిచి, రెంటినీ భద్రత అనే ఒక్క మాటలో ఇముడ్చుకుంది.

ఈ తేడా బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో స్థిరపడిన తెలుగువారికి నిఘంటువుల్లో కంటే ముందు ఆఫీసు బోర్డుల మీదే కనిపిస్తుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఒకవైపు ఛత్తీస్‌గఢ్ మీదుగా, మరోవైపు విజయనగరం, వాల్తేరుల దాకా విస్తరించినందువల్ల ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో ఆ పట్టాల వెంటే ఇక్కడికి చేరాయి. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తయ్యాక రాకపోకలు మరింత సులువయ్యాయి. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైంది. రాయపూర్ రోడ్డు వైపు పారిశ్రామిక వాడగా పెరిగిన తిఫ్రాలో ఇటువంటి కుటుంబపు ఇంట్లో తెలుగు వంటగదిలోనూ, హిందీ వీధిలోనూ, ఇంగ్లిషు డ్యూటీలోనూ నడుస్తాయి. ఇక్కడ సాగబోయే సంవాదంలోని ఇద్దరినీ ఇటువంటి ఇంటివారిగానే భావించుకోవాలి. ఒకరు సిగ్నల్ శాఖలో పనిచేసి రిటైరైన మేనమామ, మరొకరు జర్మన్ నేర్చి కంప్యూటర్ భద్రతకు సంబంధించిన పత్రాలను అనువదించే మేనకోడలు. ఆ పదజాలాన్ని తెలుగులో పుట్టించుకోవాలా, ఇంగ్లిషులో ఉన్నదాన్ని ఉన్నట్టే వాడుకోవాలా అన్నది వివాదాంశం. పెద్దవారు తెలుగు పక్షాన, చిన్నవారు ఇంగ్లిషు పక్షాన ఉంటారని ఎవరైనా ఊహిస్తారు గాని, ఇక్కడ జరిగింది సరిగ్గా దానికి తలకిందులు.

మేనమామ వాదం సూటిగా సాగింది. "తల్లీ, సిగ్నలు, పాయింటు, లూపు, బ్లాకు, టోకెను అన్నవి ఇంగ్లిషు మాటలని ఈ కాలనీల్లో ఎవరైనా అనుకుంటారా? బడికి పోని గ్యాంగ్‌మన్ నోట కూడా అవి తెలుగు విభక్తులు తొడుక్కునే వస్తాయి. టోకెను సంగతే చూడు. ఒంటి లైను మీద రెండు స్టేషన్ల మధ్య ఒక్క బండే ఉండాలి కనుక, యంత్రంలోంచి లోహపు గోళం ఊడివచ్చి డ్రైవరు చేతికి అందితేనే అతనికి ముందుకు వెళ్లే అధికారం. ఆ గోళం అవతలి స్టేషన్ యంత్రంలో పడేదాకా రెండో గోళం బయటికి రాదు. ఇప్పుడు కంప్యూటర్ల వాళ్లు, ఒకసారి తానెవరో రుజువు చేసుకున్నవాడికి కొంతసేపు చెల్లే ప్రవేశాధికారాన్ని టోకెను అంటున్నారు. మాట అదే, పని దాదాపు అదే. దాన్ని తెలుగు చేసి ఎవరికి అందించాలి?"

ఆయనకు అంతకంటే బలమైన ఆక్షేపణ ఒకటుంది. తెలుగులో పారిభాషిక పదాలు తయారు చేసేవారు సంకేతం అనే ఒక్క మాట మీద మోయలేనంత బరువు వేశారని ఆయన అభిప్రాయం. సిగ్నలుకు సంకేతం, కోడ్‌కు సంకేతం, పాస్‌వర్డ్‌కు సంకేతపదం, గుర్తుకు కూడా సంకేతమే. "సంకేతం తప్పింది" అని రాత్రి రెండింటికి ఎవరైనా ఫోన్ చేస్తే, సిగ్నలు చెడిందా, పాస్‌వర్డు కుదరలేదా, ప్రోగ్రాములో తప్పుందా అని వినేవాడు మూడు ప్రశ్నలు వేయవలసి వస్తుంది. పనిచోట పదానికి అందం అక్కర్లేదనీ, హౌరా నుంచి ముంబయి దాకా ఒకే అర్థం ఇస్తే చాలుననీ ఆయన నిష్కర్ష. ఈ ఆక్షేపణలో న్యాయం ఉన్నదని ఒప్పుకోక తప్పదు.

మేనకోడలు జవాబును కంప్యూటర్లతో కాక రైళ్లతోనే మొదలుపెట్టింది. "మావయ్యా, రైల్వే మాటలు ఒకసారి నాటుకుంటే కదలవని మీరంటున్నారు, జర్మనీలో జరిగింది వేరు" అంటూ ఆమె గుర్తుచేసినది పందొమ్మిదో శతాబ్దపు చివరి భాగపు కథ. జర్మన్ తపాలా శాఖ అధిపతి హైన్రిష్ ఫాన్ ష్టెఫాన్ 1870లలో తన శాఖలోని వందలాది ఫ్రెంచి మాటల స్థానంలో జర్మన్ మాటలు పెట్టించాడు. టెలిఫోనుకు దూరం నుంచి మాట్లాడేది అనే అర్థంలో ఫెర్న్‌ష్ప్రెషర్ వాడుకలోకి వచ్చింది ఆయన కాలంలోనే. ఆ వెనుకనే ప్రష్యా ప్రభుత్వ నిర్మాణ శాఖాధికారి ఓట్టో సరాత్సిన్ రైల్వే పదజాలాన్ని చేపట్టాడు. ప్లాట్‌ఫారానికి వాడే పెరోన్ పోయి బాన్‌ష్టైగ్, పెట్టెలోని గదికి వాడే కూపే పోయి ఆప్‌టైల్, టికెట్టుకు వాడే బిల్యెట్ పోయి ఫార్‌కార్టె వచ్చాయి. ఇవాళ జర్మనీలో ఫార్‌కార్టె కొనేవాడికి అది ఒకప్పుడు ఎవరో కూర్చుని చేసిన మాట అన్న స్పృహే ఉండదు. మేనమామ వెంటనే స్విట్జర్లాండును ముందుకు తెచ్చాడు. అక్కడి జర్మన్ మాట్లాడేవారు ఇప్పటికీ పెరోన్, బిల్యెట్ అనే అంటారు గదా, దానివల్ల వారి రైల్వేకు వచ్చిన లోటేమిటని ఆయన ప్రశ్న. దీనికి ఆమె దగ్గర సమాధానం లేకపోయింది. నిజానికి సమాధానం లేదు కూడా. మాట దేశీయమైనంత మాత్రాన పని మెరుగుపడదు.

అయితే ఆమె అసలు వాదం దేశీయత గురించి కాదు, మాట తన అర్థాన్ని తానే చెప్పుకోగలగడం గురించి. జర్మన్‌లో తాళంచెవిని ష్లూసెల్ అంటారు. సమాచారాన్ని పరులు చదవలేని రూపంలోకి మార్చడం ఫెర్‌ష్లూసెలుంగ్, తిరిగి చదవగలిగే రూపంలోకి తేవడం ఎంట్‌ష్లూసెలుంగ్. కంప్యూటరు గురించి ఏమీ తెలియని ముసలమ్మకు కూడా ఆ మాటలో తాళంచెవి వినిపిస్తుంది కనుక, చెవి పోగొట్టుకుంటే సమాచారం కూడా పోయినట్టేనని వేరే బోధించనక్కర్లేదు. ఇంగ్లిషు ఎన్‌క్రిప్షన్‌లో ఉన్నది దాచిన అనే అర్థమిచ్చే గ్రీకు మాట, అందులో తాళంచెవి ఎక్కడా కనబడదు. తెలుగులో గుప్తీకరణ అన్నా అంతే. "సమాచారానికి తాళం వేయడం, తాళం తీయడం అంటే ఎవరికి అర్థం కాదు మావయ్యా?" అన్నది ఆమె ప్రశ్న.

ఇక్కడ సిగ్నల్ శాఖ మనిషి తాళాన్ని చేతిలోకి తీసుకుని చూసినట్టుగా ఆలోచించాడు. వాడుక తెలుగులో "తాళాలు ఎక్కడ పెట్టావు" అని అడిగితే ఎవరూ తలుపుకు వేలాడే తాళాన్ని చూపించరు, గుత్తిని తీసి ఇస్తారు. అంటే ఇంట్లో తాళమన్నా తాళంచెవి అన్నా ఒకటే. కంప్యూటర్ల లోకంలోనో, రెండూ వేరుగా ఉండటమే ప్రాణం. అందరికీ పంచిపెట్టే పబ్లిక్ కీతో ఎవరైనా మూసివేయవచ్చు గాని, యజమాని దగ్గర మాత్రమే ఉండే ప్రైవేట్ కీతోనే తెరవడం సాధ్యం. అలాంటప్పుడు మొదటిదాన్ని తాళంచెవి అనడమే పొరపాటనీ, అది నిజానికి ఊరంతా పంచిన నోరు తెరిచిన తాళం కప్పలాంటిదనీ, అసలు చెవి రెండోదేననీ ఆయన తేల్చాడు. ఆమె తన వాదం ఓడిందనుకోలేదు. ఇంగ్లిషు రెంటినీ కీ అని పిలిచి చేసిన గందరగోళాన్ని, తెలుగులో ఆలోచించడం వల్లనే ఆయన కనిపెట్టగలిగాడని ఎత్తిచూపింది.

గుప్తం అనే మాట దగ్గర ఇద్దరూ కాసేపు ఒకే వైపు నిలిచారు. సంస్కృతంలో దాని ధాతువుకు కాపాడడం అనీ, దాచడం అనీ రెండర్థాలు ఉన్నాయి. ఎవరికీ తెలియనిది గోప్యం అయినది ఆ ధాతువు నుంచే. దాచితే కాపాడినట్టే అన్న నమ్మకం ఆ మాటలోనే నిక్షిప్తమై ఉంది. కంప్యూటర్ భద్రత నిలబడింది సరిగ్గా ఆ నమ్మకాన్ని కాదన్న సూత్రం మీద. 1883లో ఓగూస్ట్ కెర్కోఫ్స్ సైనిక గూఢలిపి గురించి ఫ్రెంచిలో రాస్తూ, పద్ధతి శత్రువు చేతిలో పడినా నష్టం రాకూడదనీ, రహస్యమంతా తాళంచెవిలోనే ఉండాలనీ ప్రతిపాదించాడు. ఆయన నెదర్లాండ్స్‌లో పుట్టి పారిస్‌లో జర్మన్ బోధించిన భాషాపండితుడు కావడం ఈ సంవాదానికి తగిన విషయం. గోప్యతకు ఇంకో చిక్కు కూడా ఉంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో ప్రాథమిక హక్కుగా ప్రకటించిన ప్రైవసీని తెలుగు పత్రికలు గోప్యత అని రాశాయి. కంప్యూటర్లలోని సమాచారం పరుల కంటపడకుండా ఉండే లక్షణాన్ని కూడా గోప్యత అనే అంటున్నారు. మొదటిది మనిషికి ఉన్న హక్కు, రెండోది యంత్రానికి ఉండవలసిన గుణం. జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం 2008 ఫిబ్రవరి 27 నాటి తీర్పులో ఆ గుణాన్ని నమ్మకం నుంచి పుట్టిన ఫెర్‌ట్రౌలిష్‌కైట్ అనే మాటతో చెప్పి, కంప్యూటర్ వ్యవస్థలు అటువంటి నమ్మకానికి తగినట్టుగా ఉండటం పౌరుల ప్రాథమిక హక్కు అన్నది. దాచడం నుంచి కాక నమ్మడం నుంచి మాట పుట్టినందువల్ల, ఎవరి మీద పెట్టిన నమ్మకం అన్న ప్రశ్న కూడా వెంటనే పుడుతుంది.

జర్మన్‌ను ఆమె అంతగా మెచ్చుకుంటూ ఉంటే మేనమామ ఊరుకోలేదు. ఆమె పత్రాల్లోనే కనిపించే మూడు మాటలను పక్కపక్కన పెట్టాడు. డాటెన్‌షుట్స్ అంటే మనుషుల వ్యక్తిగత సమాచారం దుర్వినియోగం కాకుండా చూడటం. డాటెన్‌జిషర్‌హైట్ అంటే సమాచారాన్ని దాడుల నుంచీ నష్టం నుంచీ కాపాడటం. డాటెన్‌జిషెరుంగ్ అంటే కేవలం బ్యాకప్, అనగా ఇంకో ప్రతి తీసి పెట్టుకోవడం. మూడూ వినడానికి అన్నదమ్ముల్లా ఉన్నా మూడు వేర్వేరు పనులు. పైగా 1970లో ప్రపంచంలోనే మొదటిదైన సమాచార రక్షణ చట్టాన్ని తెచ్చిన హెస్సె రాష్ట్రం దానికి డాటెన్‌షుట్స్ పేరు పెట్టినప్పటి నుంచి, మాట సమాచారాన్ని కాపాడతామంటున్నా చట్టం కాపాడేది మనిషిని. "మాట అర్థాన్ని తానే చెప్పుకుంటుందన్నావు. ఇది తప్పు చెప్పుకుంటున్నది గదమ్మా" అన్న ఆయన మాటకు ఆమె అవునన్నది. బాన్‌లో 1991 నుంచి పనిచేస్తున్న జర్మన్ సమాచార భద్రతా కార్యాలయం సైతం ఫైర్‌వాల్, ఫిషింగ్, హ్యాకర్ వంటి మాటలను ఇంగ్లిషులోనే ఉంచుకున్నదని కూడా ఆమే చెప్పింది. ఇళ్ల మధ్య మంటలను ఆపే గోడకు బ్రాంట్‌మవర్ అనే సొంత మాట ఉండి కూడా వారు దాన్ని కంప్యూటర్లకు అంతగా వాడలేదు. తెలుగులో దాన్ని అగ్నిగోడ అన్నవారు మండే గోడను చూపించారే గాని మంటను ఆపే గోడను కాదు.

ఓటీపీ దగ్గర వాదం చిక్కబడింది. మూడక్షరాల ఆ పేరు పెన్షనర్లకు ఏమీ చెప్పదనీ, అందువల్లనే మోసగాడు అడిగితే చదివి వినిపిస్తున్నారనీ మేనకోడలి అభియోగం. జర్మన్ బ్యాంకులు చాలాకాలం కాగితం మీద అచ్చువేసిన అంకెల పట్టికలను ఖాతాదారులకు పంపేవి, ఒక్కో అంకెను వాడి కొట్టివేయాలి. ఐరోపా చెల్లింపుల నిబంధనలు మారి 2019 సెప్టెంబరు 14 నాటికి ఆ కాగితాలు పోయినా, లావాదేవీ సంఖ్య అని అర్థమిచ్చే టాన్ అనే పేరు మిగిలింది. ఓటీపీ అనే పేరు, విడమరిచి చదివినా, అంకెను ఎన్నిసార్లు వాడవచ్చో మాత్రమే చెబుతుంది. టాన్ అనే పేరు ఆ అంకెతో ఏం జరుగుతుందో చెబుతుంది. డబ్బు కదులుతుందని పేరే చెబితే ముసలివారు కాస్త ఆగుతారని ఆమె అభిప్రాయం. అంకెలు కొట్టివేయడం అన్న మాట వినగానే మేనమామకు ప్రైవేట్ నంబరు పట్టిక మనసులో మెదలడం సహజం, ఆమె కూడా అది రైల్వేవారి ఓటీపీయే కదా అన్నది.

ప్రైవేట్ నంబరు గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. స్టేషన్ మాస్టర్ దగ్గరా, లెవల్ క్రాసింగు గేట్‌మన్ దగ్గరా ఏ వరుసా లేకుండా రెండంకెల సంఖ్యలు అచ్చువేసిన పట్టికలు ఉంటాయి. బండి వస్తున్నదని ఫోనులో చెప్పి గేటు వేయమన్నప్పుడు, గేట్‌మన్ గేటు వేసి తాళం పెట్టి, తన పట్టికలో తర్వాతి సంఖ్యను చెబుతాడు. చెప్పిన సంఖ్య మీద కలంతో గీత కొట్టి పక్కన బండి నంబరూ, వేళా రాసుకుంటాడు. ఇవతల స్టేషన్ మాస్టర్ ఆ సంఖ్యను తన రిజిస్టరులో ఎక్కించుకున్న తర్వాతే బండికి సిగ్నలు ఇస్తాడు. పైకి చూస్తే ఇది ఒకసారి వాడి పారేసే రహస్య సంఖ్యే.

"కాదు తల్లీ, నువ్వు పైపైన చూస్తున్నావు" అని మేనమామ దిద్దాడు. బ్యాంకు పంపిన ఓటీపీ బ్యాంకుకు ముందే తెలుసు కనుక, తిరిగి వచ్చిన అంకెను దానితో పోల్చి చూసి, చెప్పినవాడు ఆ ఫోను ఉన్నవాడేనని నమ్ముతుంది. గేట్‌మన్ పట్టిక స్టేషన్ మాస్టర్ దగ్గర ఉండదు కాబట్టి ఆయన పోల్చి చూసేదేమీ లేదు. ప్రైవేట్ నంబరు పుట్టింది మాట్లాడుతున్నవాడు ఎవరో తేల్చడానికి కాదు. గేటు వేశానని చెప్పినవాడు తెల్లవారాక "నేను చెప్పలేదు" అనకుండా కట్టడి చేయడానికి, అంతకంటే ముందు, ఆ సంఖ్యను చూసి రాసి గీత కొట్టే అరనిమిషంలో గేటు నిజంగా వేశాడా అని అతని మనసు అతన్నే అడిగేలా చేయడానికి. రెండు చోట్ల రెండు చేతిరాతల్లో ఒకే సంఖ్య, ఒకే వేళ పడి ఉన్నాక ఎవరూ మాట మార్చలేరు.

ఇది విని మేనకోడలు నిజంగానే సంతోషించింది. ఇంగ్లిషులో నాన్-రిప్యూడియేషన్ అనీ, జర్మన్‌లో కాదని వాదించడానికి వీలుకానిది అనే అర్థం వచ్చేలా నిష్ట్ఆప్‌ష్ట్రైట్‌బార్‌కైట్ అనీ పిలిచే గుణం ఇదే. డిజిటల్ సంతకాలకు చట్టంలో విలువ రావడానికి ఆధారం ఇదే. తెలుగులో నిరాకరణరాహిత్యం వంటి మాటలతో ఆమె ఎన్నాళ్లో కుస్తీ పట్టిందన్నది ఊహించవచ్చు. మేనమామ నోట అది బుకాయించలేకపోవడం అనే రూపంలో వచ్చింది. తప్పు చేసి కాదని గట్టిగా అనడాన్ని తెలుగులో బుకాయింపు అంటారు కనుక, బుకాయింపుకు వీల్లేని సంతకం అంటే కోర్టు గుమస్తాకూ రైతుకూ ఒకేలా అర్థమవుతుంది. ఈ సంవాదం మొత్తం మీద, తెలుగు వద్దన్న మనిషి నోటినుంచే మేలైన తెలుగు మాట రాలిపడిన ఘట్టం ఇది.

సాఫ్ట్‌వేర్‌లోని బలహీనతను ఏమనాలన్న చర్చ అంతసేపు సాగలేదు. ఇంగ్లిషు వల్నరబిలిటీలో లాటిన్ గాయం ఉంది. జర్మన్‌లో సందు అనే అర్థమిచ్చే లూకె ఉంది, బలహీనమైన చోటు అనే ష్వాఖ్‌ష్టెల్లె ఉంది. ఆయువుపట్టు అనే మాటను మేనకోడలు ముందుకు తెస్తే మేనమామ ఒప్పుకోలేదు. దుర్యోధనుడి తొడలాంటి ఆయువుపట్టు ప్రాణితోపాటే ఉండేది, కట్టినవాడి అజాగ్రత్త వల్ల గోడలో మిగిలిపోయేది లొసుగు. లొసుగును వెతికి దానిలోంచి దూరడానికి తెలుగువారికి కన్నం వేయడం అనే మాట ఎప్పటినుంచో ఉంది. లొసుగు, కన్నం అన్న జంటను ఇద్దరూ ఒప్పుకున్నారు. 2017 మే 12న వానాక్రై అనే ప్రోగ్రాము పాత విండోస్‌లోని ఇటువంటి ఒక లొసుగులోంచే దూరి, జర్మన్ రైల్వే స్టేషన్లలోని సమాచార ఫలకాల మీద సొమ్ము కట్టమనే హెచ్చరికలు కనిపించేలా చేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఇంగ్లిషు దాన్ని అడిగే సొమ్మును బట్టి రాన్సమ్‌వేర్ అంటే, జర్మన్ నేరాన్ని బట్టి బెదిరించి గుంజే ట్రోజన్ అన్నది. ఆ రోజు జర్మనీలో ఫలకాలు చెడినా బండ్ల నడకకు ఆటంకం రాలేదు. సెక్యూరిటీ ఓడిపోయినా సేఫ్టీ నిలిచిన సందర్భం అది, ఒకే మాటతో దాన్ని చెప్పబోతే జిషర్‌హైట్ ఓడింది గాని జిషర్‌హైట్ నిలిచింది అనవలసి వస్తుంది.

అక్కడినుంచి వాదం మొదటి ప్రశ్నకు తిరిగి వచ్చింది. పాతకాలపు రెక్క సిగ్నలును మేనమామ ఉదాహరణగా తీసుకున్నాడు. రెక్క అడ్డంగా ఉంటే ఆగమని, కిందికి వంగితే పొమ్మని అర్థం. కాబిన్‌లోంచి లీవరు లాగితే తీగ బిగిసి రెక్క వంగుతుంది. ఆ తీగ ఎండకో తుప్పుకో తెగిపోయిందనుకుంటే, రెక్కకు కట్టిన బరువు దానంతట అదే దాన్ని తిరిగి అడ్డంగా నిలబెడుతుంది. ఏది చెడినా బండి ఆగే వైపుకే చెడాలన్నది సేఫ్టీ నీతి. ఆగవలసినచోట పొమ్మని చూపే లోపానికి రైల్వేలో రాంగ్ సైడ్ ఫెయిల్యూర్ అనే పేరే ఉంది, సిగ్నల్ శాఖవారికి అంతకు మించిన పీడకల లేదు. కాని ఆ ఏర్పాటంతా తీగకూ తుప్పుకూ బుద్ధి లేదన్న నమ్మకం మీద ఆధారపడి ఉంది. తుప్పు రాత్రిపూట వచ్చి, ఏ రెక్క వంచితే బండి దెబ్బతింటుందో లెక్క వేయదు. శత్రువు వేస్తాడు. అందుచేత సేఫ్టీలో ఫలానాది చెడే అవకాశం ఎంత అని అడిగితే సరిపోతుంది, సెక్యూరిటీలో దాన్ని చెడగొట్టాలనుకునేవాడికి ఏం కావాలి అని అడగాలి.

రెండూ ఒకదానికొకటి ఎదురుతిరిగే చోటు కూడా ఉంది. కరెంటు పోయినప్పుడు విద్యుత్ తాళం తెరుచుకోవాలా, బిగుసుకోవాలా? నిప్పు అంటుకున్న గదిలోని మనుషుల క్షేమం కోరితే తెరుచుకోవాలి. సర్వర్ల గదిని దొంగ నుంచి కాచాలంటే బిగుసుకోవాలి. ఆ తలుపు భద్రంగా ఉండాలి అని తెలుగులో రాసి ఇస్తే, తాళం అమర్చే మనిషి ఏది చేసినా తప్పు పట్టడానికి వీలుండదు. మేనకోడలు కూడా జర్మన్‌వారు ఈ ఇబ్బందిని గుర్తించారని ఒప్పుకుంది. సందేహం వచ్చేచోట వారు ఒంటరి మాటను వదిలి నడక అనే అర్థమిచ్చే బెట్రీప్‌ను చేర్చి బెట్రీప్స్‌జిషర్‌హైట్ అనీ, దాడి అనే అర్థమిచ్చే ఆన్‌గ్రిఫ్‌ను చేర్చి ఆన్‌గ్రిఫ్స్‌జిషర్‌హైట్ అనీ విడదీస్తారు. సమాసం చేయగల భాషకు ఆ వెసులుబాటు ఉంది, అది తెలుగుకూ ఉంది.

2023 జూన్ 2 సాయంత్రం ఒడిశాలోని బహనాగా బజార్‌లో జరిగిన దుర్ఘటన ఈ విభజన ఎంత అవసరమో చూపింది. మెయిన్ లైనుకు పచ్చ సిగ్నలు పడి ఉండగా కోరమండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైనులోకి మళ్లి, అక్కడ ఆగివున్న ఇనుప ఖనిజపు గూడ్సును ఢీకొన్నది. 290 మందికి పైగా చనిపోయారు. మొదటి రోజుల్లో ఎవరో కావాలని చేశారన్న అనుమానం బలంగా వ్యాపించింది, సీబీఐ దర్యాప్తు కూడా మొదలైంది. రైల్వే సేఫ్టీ కమిషనర్ విచారణ మాత్రం గతంలో ఉత్తరపు సిగ్నల్ గుమ్టీ (పట్టాల పక్కనుండే చిన్న గది) వద్ద సర్క్యూట్ మార్చడంలోనూ, 94వ నంబరు గేటు అడ్డుగడ మార్చే పనిలోనూ జరిగిన లోపాలను కారణంగా తేల్చింది. ఆ రోజుల్లో భద్రతా లోపం అన్న తెలుగు మాటను విన్న మనిషికి అది తీగలు తప్పుగా కలపడమో, శత్రువు చొరబాటో తెలిసే దారి లేదు. మేనమామ గొంతు బరువెక్కినది ఇక్కడే. "పోయినవాళ్ల ఇంటివాళ్లకు, జరిగింది పొరపాటా పన్నాగమా అన్నది మాటల తేడా కాదమ్మా" అని మాత్రమే ఆయన అన్నాడు.

ఆ దుర్ఘటన తర్వాత రైల్వే బోర్డు దేశమంతటా సిగ్నల్ పరికరాలుండే రిలే గదుల జంట తాళాల ఏర్పాటును తనిఖీ చేయించింది. రిలే గది తలుపుకు రెండు తాళాలు ఉంటాయి. ఒక చెవి స్టేషన్ మాస్టర్ దగ్గర, మరొకటి సిగ్నల్ నిర్వాహకుడి దగ్గర ఉంటుంది కనుక ఇద్దరూ రానిదే తలుపు తెరుచుకోదు. దీన్నే జర్మన్‌వారు నాలుగు కళ్ల సూత్రం అంటారు. ఒంటరి మనిషి పొరపాటు చేయకుండా ఆపేదీ, ఒంటరి మనిషి ద్రోహం చేయకుండా ఆపేదీ ఆ తలుపే కావడం గమనించదగ్గది. మేనకోడలు దీన్ని పట్టుకుని, రెండూ చివరికి ఒకటే కనుక భద్రత అనే ఉమ్మడి మాటలో తప్పులేదని ఇంకోసారి వాదించి చూసింది. తలుపు ఒకటే అయినా తాళాలు రెండున్నాయని మేనమామ చూపించాడు. అప్పుడామె కవచ్‌ను ప్రస్తావించింది. డ్రైవరు ఎరుపు సిగ్నలు దాటబోతే బ్రేకులు వేసే ఆ ఏర్పాటును దక్షిణ మధ్య రైల్వేలో లింగంపల్లి, వికారాబాద్, వాడి మార్గంలో పరీక్షించి, 2020లో జాతీయ వ్యవస్థగా స్వీకరించారు. టీకాస్ అనే ఇంగ్లిషు పొడిపేరు పోయి కవచ్ రాగానే జనం నోట పడింది. మేనమామ పేరును మెచ్చుకుంటూనే దానిలోని తేడాను చూపాడు. కర్ణుడి కవచం ఆపింది శత్రువుల బాణాలను, ఈ కవచ్ ఆపేది సొంత డ్రైవరు ఏమరుపాటును. సేఫ్టీ యంత్రానికి సెక్యూరిటీ పేరు పెట్టారు. ఇంజనుకూ స్టేషనుకూ మధ్య కబురు రేడియో మీద పోతున్నది కనుక, పేరుకు తగ్గట్టు శత్రువును కూడా ఆపవలసిన బాధ్యత ఇప్పుడు దాని మీద పడింది.

చివరికి మేనకోడలు పెట్టిన ప్రతిపాదన ఇది. లాటిన్‌లో సేఫ్టీకి మూలమైన మాటకు గాయపడని, చెక్కుచెదరని అని అర్థం. సెక్యూరిటీకీ జిషర్‌హైట్‌కూ మూలమైన మాటకు చింత లేని, అనగా నిశ్చింత అని అర్థం. బండి దిగినవాడిని తెలుగువారు "క్షేమంగా చేరారా" అని అడుగుతారు, ఉత్తరం మొదట్లో అందరూ క్షేమమని రాసేవారు. కాబట్టి సేఫ్టీకి క్షేమం, సెక్యూరిటీకి రక్షణ స్థిరపరచి, భద్రతను రెంటికీ పైకప్పుగా ఉంచాలి. హిందీ సంరక్షాను తెచ్చుకుందామంటే, తెలుగులో సంరక్షణ పిల్లలనూ వృద్ధులనూ చూసుకోవడం అనే అర్థంలో పాతుకుపోయింది. మేనమామ రక్షణను వెంటనే ఒప్పుకున్నాడు గాని, క్షేమం విన్నవాళ్లు సంక్షేమ శాఖ అనుకుంటారనీ, డ్యూటీలో ఉన్నవాడికి సేఫ్టీయే తెలుగనీ పట్టుబట్టాడు. ఆయన అభ్యంతరం రైల్వే ఉద్యోగుల మధ్య చెల్లవచ్చు. కాని పత్రిక చదివేవారికీ, ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్నవారికీ క్షేమం సొంత మాట. ఈ రచన ఆ ఒక్క మాట విషయంలో మేనకోడలి పక్షాన, విడదీయక తప్పదన్న విషయంలో మేనమామ పక్షాన నిలుస్తుంది. పదకోశాలు కూర్చేవారికీ, వార్తలు రాసేవారికీ విన్నపం ఒక్కటే: భద్రతా లోపం అని రాయబోయే ముందు, జరిగింది పొరపాటా పన్నాగమా అని విచారించి, పొరపాటైతే క్షేమలోపమనీ, పన్నాగమైతే రక్షణలోపమనీ, ఇంకా తేలకపోతే తేలలేదనీ రాయండి.